ఖాళీ బుట్ట

రోహిణి కార్తె

ఊపిరి ఇరవై ఏడు.

నేల మండలి వాళ్లకు కావలసింది ఈ అంకె ఒక్కటే. తోడు బీడు కాపలాదారు తిప్పక్క, అంటే నేను, రోజూ పొద్దున గొట్టాన్ని నేలలో గుచ్చాలి. మట్టిలో బతికున్నవన్నీ కలిసి ఎంత ఊపిరి వదులుతున్నాయో అది లెక్కగట్టి చెబుతుంది. దాన్ని పలకలో నమోదు చెయ్యాలి. ఇంత పెద్ద పలక చేతికిచ్చి ఒక్క అంకె రాసి ఊరుకోమంటే నాకు చేతకాదు. చదివే వాళ్లు ఉంటే చదువుకుంటారు, లేకపోతే లేదు.

గొట్టం కోస్తా మాట మాట్లాడుతుంది. ఎవరు నేర్పారో గానీ మహా మర్యాద. "శుభోదయం తిప్పమ్మగారూ, కిందటేడు ఇదే కార్తెలో ముప్పై ఒకటండి, ఇప్పుడు ఇరవై ఏడండి" అంది. ఎందుకు తగ్గిందే అని అడిగితే "నమోదు చేసుకున్నానండి" అంటుంది. ఏం అడిగినా అదే జవాబు. మొగుడైతే పోట్లాడేదాన్ని.

బీడు ఎండలో ఉడికిపోతోంది. అయినా బోద గడ్డి కింద చెయ్యి పెడితే మట్టి ఇంకా చల్లగానే ఉంది. ఇక్కడ నాగలి ఎప్పుడూ పడలేదు. మా తాతల కాలం నుంచి గొర్రెలు మేసి, పెంట వేసి, మళ్లీ వానల దాకా వదిలేసిన నేల ఇది. కంచె అవతల మూడు ఊళ్ల చేలున్నాయి. అక్కడ గొట్టం గుచ్చితే ఆరో ఏడో చెబుతుంది. పదిహేను దాటిన నేల ఒక్కటైనా ఉంటేనే ఆ ఊరికి నీళ్ల పైపు ఉంచుతారు. లేకపోతే నేలంతా ఎండతో కరెంటు తీసే అద్దాలు కప్పి, మనుషుల్ని సముద్రం పక్కన కాలనీకి తరలిస్తారు. మా చుట్టుపక్కల అలా పోయిన ఊళ్లే ఎక్కువ. మూడు ఊళ్లకీ కలిపి ఊపిరున్న నేల ఈ బీడు ఒక్కటే.

మృగశిర కార్తె

ఊపిరి ఇరవై ఎనిమిది. తొలకరి పడింది.

ఈ రోజు తోడు పెట్టే రోజు. పాలు తోడుకోవాలంటే పక్కింటికి పోయి ఇంత పెరుగు అడిగి తెచ్చుకుంటాం కదా. అలాగే మట్టికీ. బీడులోంచి బుట్టెడు బతికున్న మన్ను తీసుకుపోయి చేలో చల్లుకుంటే ఆ నేల కూడా మెల్లగా తోడుకుంటుందని మండలి వాళ్లే చెప్పి ఈ పని పెట్టారు. మా వాళ్లకు అది ఎంత బాగా ఎక్కిందంటే ఇప్పుడదొక పండగ. పొద్దున్నే తలంటుకుని, బుట్టలకు పసుపు రాసి, వరసగా వచ్చి కంచె దగ్గర నిలబడ్డారు. తోడు అడిగిన వాళ్లకు లేదనకూడదు. అది మండలి పెట్టిన నియమం కాదు, మాది.

అందరికంటే ముందు నా చెల్లెలు మారెక్క. ఎప్పుడూ అంతే, పెళ్లి భోజనాలకైనా సరే, ముందు వరసలో ఉంటుంది.

"ఏమ్మే, ఇప్పుడే గొర్రెలు మేసి పాయె, నువ్వు బుట్టలు పట్టుకోని వస్తివి. ఆ గొర్రెలన్నా నయం, పెంట వేసి పోతాయి" అన్నాను.

"నాకూ చేతనయితే వేసేదాన్నే లేక్కా" అంది. వరసంతా నవ్వింది.

మన్ను నేను ఊరికే తవ్వను. ఒక్కో చోట అరచేతి లోతుకు మించకుండా తీసి, గుంతలో పెంట వేసి, కోసిన గడ్డి కప్పుతాను. ఏడాదిలో ఆ గుంత మళ్లీ పూడుకుంటుంది. మారెక్క బుట్ట నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా చేను దాకా నడిచి, సాళ్లలో చల్లింది. కంచె మీంచి చూస్తూనే ఉన్నాను. సాయంత్రానికి దున్నే బండి వచ్చింది. మనిషి లేని బండి, దానికి వచ్చిన దారిలో అది పోతుంది. చల్లిన మన్నునంతా బోర్లా తిప్పి, వెనకాలే కలుపు మందు మంచులా చిమ్ముకుంటూ పోయింది. పచ్చగా మొలిచేదేదైనా ఆ మంచు తగిలితే మాడిపోతుంది.

మరునాడు మారెక్కను అడిగాను, బండిని ఒక్క వారం ఆపమనరాదా అని.

"బండి వద్దంటే మండలోళ్లు ఇత్తనం ఈరు, నీళ్లు ఈరు. ఏం తాగి బతకాల?" అంది. 

పుష్యమి కార్తె

ఊపిరి ఇరవై నాలుగు. వాన పడ్డాక పెరగాలి గానీ తగ్గడమేమిటి?

మన్ను ఎక్కువ తవ్వేశానేమో అనుకుని ఈ వారమంతా తవ్విన గుంతల దగ్గరే గొట్టం గుచ్చాను. గుంతలు బాగానే ఉన్నాయి. ఇరవై ఐదు, ఇరవై ఆరు. పెంట కింద చెదలు, ఎర్ర పురుగులు, తెల్లటి బూజు దారాలు, అన్నీ వాటి పనిలో ఉన్నాయి. మరి ఎక్కడ పోతోంది ఊపిరి?

నాకు చూపించింది గొర్రెలు. గేటు పక్కన ఒక తావుంది. అక్కడ నేనెన్నడూ తవ్వలేదు. మంద అక్కడికి రాగానే పక్కకు తిరిగి పోతోంది. దగ్గరికి పోయి చూస్తే గడ్డి పలచబడింది. వాన నీళ్లు ఇంకకుండా నిలిచి, ఎండి, నేల పైన పెచ్చు కట్టింది. గుచ్చాను.

"పదకొండండి" అంది గొట్టం.

"ఏమే, సరిగ్గా చూడు!"

"పదకొండేనండి. నమోదు చేసుకున్నానండి."

బండరాతి గుండు కింద ఇంకో తావు ఇలాగే ఉంది. పన్నెండు. ఆ రెండు చోట్ల మధ్య చాలాసేపు అటూ ఇటూ తిరిగాను. అప్పుడు తట్టింది. కిందటేడు బుట్టలు కుమ్మరించింది గేటు పక్కన. అంతకుముందు ఏడు గుండు కింద.

బుట్టల సంగతి చెప్పాలి. పక్కింటి వాళ్లు గిన్నెలో ఏమైనా పెట్టిస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వం కదా. ఇంత బెల్లమో, నాలుగు మిరపకాయలో వేసి ఇస్తాం. ఖాళీది ఇస్తే ఇచ్చిన ఇల్లు, పుచ్చుకున్న ఇల్లు రెండూ ఖాళీ అవుతాయని మా వాళ్లకు భయం. తోడు మన్ను తీసుకున్న బుట్టకూ అదే మర్యాద వచ్చి చేరింది. చెనిక్కాయ, అంటే వేరుశనగ, పీకిన తర్వాత మూడు ఊళ్ల వాళ్లూ బుట్ట నిండా తమ చేని మన్ను నింపి, కుంకుమ చల్లి, తెచ్చి బీడుకు ఇస్తారు. మండలి వాళ్లు ఇది చెప్పలేదు, వద్దనీ అనలేదు. చూడముచ్చటగా ఉంటుంది. ముసలివాళ్లు బుట్ట కుమ్మరించి నేలకు దణ్ణం పెడుతుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

ఆ చేని మన్నులో ఏముంది? ఏటేటా అదే చెనిక్కాయ, అదే మంచు, ఎండాకాలమంతా తిరగేసి మాడబెట్టిన నేల, చెట్టు వేరును కుళ్లబెట్టే తెగులు. దాన్ని తెచ్చి, బతికున్న ఒక్క చర్మం మీద దుప్పటిలా కప్పుతున్నాం. ఏటా ఇంతింత. కృతజ్ఞతతో.

 గుండు మీదే కూర్చుండిపోయాను.

మఖ కార్తె

ఊపిరి ఇరవై నాలుగు.

మండలికి చెప్పాను. గొట్టం పట్టుకుని, వరసగా, గట్టిగా చెప్పాను. "బుట్టల విషయం స్థానిక ఆచారాల కింద నమోదు చేసుకున్నానండి" అంది. మనిషితో మాట్లాడతానంటే, ఈ బీడుకు వాళ్లు కేటాయించిన మనిషి ఒక్కరేనట, అది నేనేనట.

ఇక మిగిలింది మారెక్క. బుట్టల ఊరేగింపులో ముందు నడిచేది తనే, తను వింటే ఊళ్లు వింటాయి. రొట్టెలు కాలుస్తుండగా పోయి పొయ్యి పక్కన కూర్చుని అంతా చెప్పాను. తెగులు, మంచు, పదకొండు, గొర్రెలు. శ్రద్ధగానే వింది. నా చెల్లెలు తెలివితక్కువది కాదు.

"అయితే ఏం చేయమంటావు?" అంది.

"ఈసారి బుట్టలు ఖాళీగా తెమ్మను."

చేతిలో రొట్టె పెనం మీద వేసింది గానీ తిప్పడం మరిచింది. మాడిన వాసన వచ్చింది.

"ఏం మాటక్కా అది? ఖాళీ బుట్టతో యాడినుంచి వస్తారో తెల్దా నీకు? పీనుగును పూడ్చిపెట్టి వచ్చేటప్పుడు తెస్తారు ఖాళీ బుట్ట. మనకు ఇంత కూడు పెట్టే నేల ముందరికి అట్ల పోతారా ఎవురైనా?"

"మనం పోసేదే దాన్ని చంపుతాండాది మారీ."

"మా మన్ను చంపుతాండాదా? నా చేను మన్ను ఇసమా? చెప్పు, ఇసమా?"

ఇసమే. ఆ మాట నోటి దాకా వచ్చింది. మారెక్క చేతుల వైపు చూశాను. ఆ చేనులో పని చేసి చేసి గోళ్ల సందుల్లో ఎర్రగా ఉండిపోయింది అదే మన్ను. 

"రొట్టె మాడతాంది, సూడు" అన్నాను.

చిత్త కార్తె

ఊపిరి ఇరవై రెండు.

చెనిక్కాయ పీకారు. చెట్టుకు నాలుగు కాయలు, అందులో రెండు తాలు. అయినా బుట్టలు వచ్చాయి. పంట రాని ఏడే ఎక్కువ భక్తి.

నేను ముందే కంచె బయట ఒక పెద్ద గుంత తవ్వి పెట్టాను. ఖాళీగా తెమ్మంటే తేరు, తెచ్చింది బీడులో పడకుండా చూద్దామని నా ఎత్తు. చుట్టూ ముగ్గు కూడా వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ముందుగా వచ్చిన పెద్దాయన కుళ్లాయప్ప. చూపు సరిగా ఆనదు, మనవరాలి భుజం పట్టుకుని నడిచి వచ్చాడు. గుంత దగ్గర ఆగి, కాలితో తడిమి, "ఇది గుంత కదమ్మా" అన్నాడు.

"అవును పెదనాయనా. ఈసారి ఇందులో పోయండి."

"మా మన్నును గుంతలో పోసి పూడ్చమంటావా? ఏం తప్పు చేసినాము తల్లీ?"

  ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని, నా నోరు చిన్నదేమీ కాదు. అందరూ బుట్టలు నెత్తి మీద పెట్టుకుని, అలాగే వెనక్కి తిరిగి పోయారు. మారెక్క నా మొహం కూడా చూడలేదు.

గెలిచాననుకున్నాను. మరునాడు మందను వంక దాకా తోలుకుపోయి తిరిగి వచ్చేసరికి బీడు ఎర్రగా ఉంది.

మూడు ఊళ్ల వాళ్లూ నేను లేని సమయం చూసి వచ్చి పోశారు. ఒక్క చోట కుప్ప పోస్తే నాకు కోపమొస్తుందేమోనని, బీడంతా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, చేతులతో సమంగా పరిచారు. గడ్డి మొదళ్లు కూడా కనిపించడం లేదు. పైన పసుపు, కుంకుమ. నా గుడిసె ముందు ఒక మూటలో కొత్త చీర, పక్కన చెనిక్కాయలు. కోపం పోగొట్టుకొమ్మని.

చీర మడత విప్పకుండానే ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.

స్వాతి కార్తె

ఊపిరి పద్దెనిమిది.

వాన పడి ఆ మన్నంతా పెచ్చు కట్టింది. ఎత్తి పోద్దామని పారతో గీకడం మొదలుపెట్టాను. మారెక్క గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది. గొర్రెలు బీడు అంచుకు వచ్చి, ముట్టె ఆనించి, తిరిగి పోవడం కూడా చూసింది. తర్వాత చీర దోపుకుని, ఇంకో పార తీసుకుని నా పక్కకు వచ్చింది. 

కాసేపు గీకాక అడిగింది. "అక్కా, యాడిదాకా మాది? యాడినుంచి బీడుది?"

వంగి చూశాను. చేని మన్ను ఎరుపే, బీడు మన్నూ ఎరుపే. వానకు రెండూ కలిసిపోయాయి. పారలో బూజు దారాల ముక్కలు, సగం తెగిన గడ్డి వేళ్లు. మేము గీకి పోస్తున్నదాంట్లో బతికున్నది కూడా ఉంది. లోతుగా గీకితే చర్మం పోతుంది, పైపైన గీకితే పెచ్చు పోదు. ఏం చెయ్యాలో గొట్టాన్ని అడిగాను.

"పదిహేడున్నరండి. నమోదు చేసుకున్నానండి."

మారెక్క దాన్ని గుంజుకుని దూరంగా విసిరేసింది. నేనే పోయి తెచ్చాను.

విశాఖ కార్తె

ఊపిరి పద్నాలుగు.

అద్దాల బండ్లు వచ్చాయి. నేను అడ్డం పడుకోలేదు. పడుకున్నా బండికి మనిషి లేడు, పక్కనుంచి తిరిగి పోతుంది. గొర్రెలను మండలి వాళ్లు తీసుకుపోయారు. ఊరి వాళ్లు సామాన్లు కట్టుకుని వరసగా బీడు దగ్గరికి వచ్చి దణ్ణాలు పెట్టుకున్నారు. కుళ్లాయప్ప నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు బాగా చూసుకున్నావు తల్లీ. మేం ఇంకా రెండు బుట్టలు ఎక్కువ పోసి ఉండాల్సింది" అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. అవును పెదనాయనా అన్నాను. వేరే ఏమనగలను?

బండ్లు గుండు వైపు రాకముందే, దాని వెనక రేగుకంప మధ్య చెయ్యి దూర్చాను. ముళ్లకు భయపడి అక్కడ ఎవరూ పోయలేదు. చెయ్యంతా గీరుకుంది గానీ కుండెడు మన్ను దొరికింది.

మూల కార్తె, సముద్రం కాలనీ

ఊపిరి ఇరవై తొమ్మిది.

ఈ అంకె ఎవరూ అడగలేదు. గొట్టాన్ని తిరిగి తీసుకోవడం మండలి వాళ్లు మరిచిపోయారు, పలకనూ మరిచిపోయారు. అందుకని గుచ్చుతున్నాను. కుండ వంటగదిలో, నీడలో ఉంది. మారెక్క దానికి ఊరి నుంచి మూటకట్టి తెచ్చిన ఎండుటాకులు, పెంట వేస్తుంది. పొద్దున లేవగానే మూత తీసి వాసన చూస్తుంది. తొలి వాన వాసన. ఇక్కడ బయటంతా ఉప్పు ఇసుక. గడ్డిపోచ మొలవదు.

ఈ రోజు ఎదురింటి సాలమ్మ వచ్చింది. ఆమెదీ మెట్ట ప్రాంతమే, మాకంటే ముందే అద్దాల కింద పోయిన ఊరు. చేతిలో స్టీలు గిన్నె.

"మీ కాడ బతికున్న మన్ను ఉండాదంట కదా అక్కా. ఒక డబ్బాలో చిక్కుడు పెట్టుకుందామని. రవ్వంత తోడు ఈగలవా?"

నేను మారెక్క వైపు చూశాను. మారెక్క కుండ వైపు చూసింది. తోడు అడిగిన వాళ్లకు లేదనకూడదు. మారెక్కే గిన్నెడు తీసి ఇచ్చింది. సాలమ్మ కళ్లకద్దుకుని బయటికి నడిచింది.

మెట్లు దిగుతూ, "మళ్లా గిన్నె నింపకొస్తాలే అక్కా" అంది.

మారెక్క ఒక్క ఉదుటున గుమ్మంలోకి పరుగెత్తింది. "వద్దు సాలమ్మా! ఖాళీగా తే! ఖాళీగానే తేమ్మా!" అని గట్టిగా అరిచింది. ఆ మాట నా చెల్లెలి నోట రావడం అది పుట్టాక ఇదే మొదటిసారి.

సాలమ్మ ఆగిపోయింది. ఆమె మొహం మాడిపోయింది. పరాయి ఊళ్లో ఎవరో తన ఇల్లు ఖాళీ కావాలని శపిస్తే ఎలా ఉంటుందో అలా చూసింది.  గిన్నెను మెట్టు మీద పెట్టి, తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

మారెక్క గోడకు ఆనుకుని కూలబడింది. "నేనేమన్నాక్కా? మంచికే కదా చెప్పినా?" అంటూనే ఉంది. ఎండ తగిలితే మన్ను చచ్చిపోతుందని నేను గిన్నె తెచ్చి, కుండలో ఒంపి, మూత పెట్టాను.

అప్పుడు చూసుకున్నాను. సాలమ్మ గిన్నె నా చేతిలో ఉంది. తిరిగి ఇవ్వాలి. ఖాళీగా.

ఇంట్లో వెతికాను. కాలనీలో ఇచ్చే తిండి పొడి తప్ప డబ్బాల్లో ఏమీ లేదు. బెల్లం లేదు, మిరపకాయల్లేవు. పొడి ఒకరికొకరు ఇచ్చుకునేది కాదు, అందరికీ వచ్చేది అదే. కాసేపు గిన్నె పట్టుకుని వంటగది మధ్యలో నిలబడ్డాను. చేని మన్ను ఏం చేస్తుందో, ఉప్పు ఇసుక ఏం చేస్తుందో ఈ కాలనీలో నాకంటే బాగా తెలిసిన వాళ్లు లేరు. అయినా ఖాళీ గిన్నె పట్టుకుని ఆ గుమ్మం తొక్కడానికి నా కాలు రాలేదు.

కుండ మూత తీసి గిన్నె నింపాను. పోయి తలుపు తట్టాను.

సాలమ్మ తలుపు తీసి గిన్నెలోకి చూసింది. మొహం విప్పారింది. "నీ చెల్లెలు ఏదో పరాచికాలకు అన్నట్టుండాది. నేనే తప్పు పట్టుకున్నా" అంది. గిన్నె రెండు చేతులా అందుకుంది. "ఊరికే ఉంచుకుంటానా అక్కా? రేపే నిండా మన్ను తెచ్చి నీ కుండలో పోస్తా."

సరేనమ్మా అన్నాను.